కాఫీ మరలో మెరుపు

పిల్లలూ! పోయిన సంచికలో మనం ఇసుర్రాయి గురించి చెప్పుకున్నాం కదా. అది చదివి, ప్రొద్దుటూరు నుంచి ఏడవ తరగతి అమ్మాయి ఒకతె ఉత్తరం వ్రాసింది. వాళ్ళ ఇంట్లో చేతితో త్రిప్పే కాఫీ మర ఉన్నదట. రోజూ తెల్లవారగానే గుప్పెడు గింజలు పోసి పొడి చేసే పని ఆ అమ్మాయిదేనట. "అయ్యవారూ! నేను వేసిన గింజలకు తగినంత పొడి రావడం లేదు. ఎండాకాలం వచ్చిందంటే మరీ తగ్గుతుంది. నేను నేలపాలు చేస్తున్నానని మా జేజి కోప్పడుతుంది. నేను రవ్వంత కూడా పారబోయడం లేదు. మరి ఆ పొడి ఏమవుతున్నట్టు?" అని అడిగింది.

చూశారా, ఎంత మంచి ప్రశ్నో! ఒకరి మీద నింద పడినప్పుడు నిజమేమిటో తేల్చవలసిందే. జేజి మాటా కొట్టివేయలేము. ఆమె కళ్ళ ముందు పొడి తక్కువగానే కనిపిస్తున్నది మరి. కనుక సాక్ష్యం చెప్పవలసింది మర ఒక్కటే.

చేతిమరను మీలో చాలామంది చూసే ఉంటారు. చూడకపోతే అటక మీద వెదకండి. పోతఇనుముతో చేసిన బరువైన వస్తువు. దానిని బల్ల అంచుకు మరమేకుతో బిగిస్తారు. మన కర్నూలు, కడప వైపు ఇళ్ళలో వంటింటి తిన్నె మీద బండలే పరుస్తాము కనుక, బండ అంచుకే బిగించి, జారకుండా మధ్య గుడ్డపేలిక పెడతారు. పైన గరాటు వంటి గిన్నె, ప్రక్కన పిడి, క్రింద పొడి పడే చిన్న తట్ట. అసలు పని లోపల జరుగుతుంది. అక్కడ ఎదురెదురుగా రెండు గంట్ల చక్రాలు ఉంటాయి. ఒకటి కదలదు. రెండవది పిడితోపాటు తిరుగుతుంది. గంట్లు నడుమ లోతుగా, అంచుల వద్ద సన్నగా ఉంటాయి. గింజ నడుమ చేరి చితుకుతుంది, అంచుకు వచ్చేసరికి పొడి అవుతుంది. ఇది ఇసుర్రాయికి తమ్ముడే అన్నమాట. ఇసుర్రాయి పడుకుని పనిచేస్తుంది, ఇది నిలబడి పనిచేస్తుంది. మరి ఇసుర్రాతిలోనే కాఫీ గింజలు విసరవచ్చు కదా అంటారా? విసరవచ్చు. కాని గింజలలోని నూనె రాతికి పట్టి, మరునాడు సంగటికి విసిరిన రాగిపిండి కాఫీ వాసన కొడితే ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

పిడి ఎందుకంత పొడుగో చూడండి. పిడి పొడవు 16 సెంటీమీటర్లు, లోపలి చక్రం వ్యాసార్థం 2 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు మీ చేయి 8 రెట్లు ఎక్కువ దూరం తిరుగుతుంది, చక్రం అంచున బలం సుమారు 8 రెట్లు అవుతుంది. అందుకే పన్నెండేళ్ళ పిల్ల చేతికి కూడా రాయి వంటి గింజ లొంగుతుంది.

ఇక విచారణ మొదలుపెడదాం. ఇంట్లో చిన్న త్రాసు ఉంటే 30 గ్రాముల గింజలు తూచి మరలో పోయండి. త్రిప్పడం పూర్తయ్యాక తట్టలోని పొడిని తూచండి. 30 గ్రాములు రాదు. ఇప్పుడు మర విప్పి, పొడి కుంచెతో చక్రాలను, గొట్టాన్ని, తట్ట గోడలను దులపండి. దులిపినది కూడా తూచి కలపండి. లెక్క దాదాపు సరిపోతుంది. పొడి ఇల్లు దాటి పోలేదు, మరకే అతుక్కుని ఉన్నది. జేజిని ప్రక్కన కూర్చోబెట్టుకుని ఈ పని చేస్తే మరీ మంచిది.

మరి ఎందుకు అతుక్కున్నది? అందులోనూ ఎండాకాలంలోనే ఎందుకు?

ప్లాస్టిక్ దువ్వెనతో ఎండిన జుట్టు దువ్వి, కాగితపు ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. తెలిసినదే. రెండు వస్తువులు రాచుకున్నప్పుడు ఒకదాని నుంచి మరొకదానికి విద్యుదావేశం మారుతుంది. కాఫీ మరలోనూ ఇదే జరుగుతున్నది. గింజ ఇనుముతో రాచుకుంటుంది, రవ్వ రవ్వతో రాచుకుంటుంది, గింజ పగిలినప్పుడూ ఆవేశం పుడుతుంది. ఒకే రకం ఆవేశం ఉన్న రవ్వలు ఒకదానినొకటి నెట్టుకుని తట్ట బయటికి చిమ్ముతాయి. ఆవేశం ఉన్న రవ్వ ఇనుప గోడ దగ్గరకు వస్తే గోడకే అంటుకుంటుంది. అన్నింటికంటే ముందు ఎగిరేది గింజ నడిమి గీతలో దాగి ఉండే పలచని పొట్టు. దానికి బరువే లేదు కదా!

గాలిలో తేమ ఉంటే వస్తువుల మీద కంటికి కనిపించని నీటిపొర ఏర్పడి, ఆవేశాన్ని నెమ్మదిగా జార్చివేస్తుంది. చెన్నైలో సముద్రపు గాలికి చొక్కా ఒంటికి అతుక్కుంటుంది గాని, కాఫీపొడి మరకు అంతగా అతుక్కోదు. మన సంగతి వేరు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. మే నెలలో కర్నూలు, కడపలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిపొడిగా ఉంటుంది. పుట్టిన ఆవేశం పోయే దారి లేదు. కనుక పొడి తగ్గిన నేరం అమ్మాయిది కాదు, ఎండది.

ఈ విషయాన్ని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులే పట్టించుకున్నారంటే నమ్ముతారా? అమెరికాలోని ఆరిగన్ విశ్వవిద్యాలయపు రసాయన శాస్త్రజ్ఞులు, అగ్నిపర్వతాల బూడిదను పరిశీలించేవారితో కలిసి కాఫీ గింజలను పొడి కొట్టి, ఆవేశాన్ని కొలిచి, 2023లో ఫలితాలు ప్రకటించారు. అగ్నిపర్వతానికీ కాఫీ మరకూ సంబంధమేమిటంటారా? పర్వతం బ్రద్దలైనప్పుడు బూడిద రవ్వలు ఒకదానితో ఒకటి రాచుకుని, ఆ పొగలోనే మెరుపులు పుడతాయి. మన మరలో జరిగేది దాని పిల్ల రూపం. నల్లగా వేగి, లోపలి తేమ బాగా ఆరిపోయిన గింజలలో ఆవేశం ఎక్కువగా పుడుతున్నదనీ, పొడి కొట్టే ముందు గింజలకు కొద్దిగా నీరు తగిలిస్తే అతుక్కోవడం, ఉండలు కట్టడం తగ్గుతున్నదనీ వారు చూశారు.

కొద్దిగా అంటే ఎంతో జాగ్రత్తగా వినండి. గ్లాసుడు కాదు, చెంచాడు కూడా కాదు. చెంచా కాడను నీళ్ళలో ముంచి, దానితో గింజలను ఒకసారి కలపండి. అంతే. ఎక్కువైతే ఇనుము తుప్పు పడుతుంది. మరను నీళ్ళతో ఎన్నడూ కడగకూడదు. పొడి కుంచె చాలు.

ఇంత తంటా దేనికి, పొట్లం కొంటే పోదా అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనవచ్చు. వారికి ఒక లెక్క చెప్పండి. ఒక సెంటీమీటరు ఘనం తీసుకుంటే దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక్కొక్క మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే వెయ్యి ముక్కలై, మొత్తం వైశాల్యం 60 అవుతుంది. ఇంకా పదోవంతుకు కోస్తే 600. అందుకే పొడి నుంచి రుచి నీళ్ళలోకి త్వరగా దిగుతుంది. కాని అదే కారణం వల్ల గాలి కూడా త్వరగా తగిలి, సువాసన ఎగిరిపోతుంది. వేయించిన గింజ మూత బిగించిన డబ్బాలో కొన్ని వారాలు ఓర్చుకుంటుంది. పొడికి అంత ఓపిక లేదు. ఏ పూటకు ఆ పూట పొడి చేసుకోవడంలో ఉన్న లాభం ఇదే. మిక్సీలో కొట్టవచ్చు కదా అంటే, దాని కత్తి గింజను నలపదు, నరుకుతుంది. సగం దుమ్ము, సగం రవ్వ అవుతుంది. నా ఓటు మాత్రం చేతిమరకే.

పొడి ఎంత మెత్తగా ఉండాలో ఫిల్టరే చెబుతుంది. డికాక్షన్ అసలు దిగకుండా మొండికేస్తే పొడి మరీ మెత్తన. మరమేకు కొంచెం వదులు చేయండి. జలజలా కారిపోయి పలచగా ఉంటే బరక. కొంచెం బిగించండి. ఒక్కసారిగా ఎక్కువ త్రిప్పవద్దు.

మరొక సంగతి. మన దేశంలో కాఫీపొడిలో చికోరీ అనే మొక్క వేరును వేయించి, పొడిచేసి కలుపుతారు. అది తప్పు కాదు. ఆ రుచి ఇష్టపడేవారు చాలామంది. కాని చట్ట ప్రకారం అది 49 శాతం మించకూడదు, ఎంత కలిపారో పొట్లం మీద వ్రాయాలి. చదవకుండా కొంటే సగం డబ్బు వేరుకే పోతుంది. కొందరు మోసగాళ్ళు చింతగింజల పొడి కూడా కలుపుతారు. గాజుగ్లాసులో చల్లని నీళ్ళు పోసి, పైన చిటికెడు పొడి చల్లండి. కాఫీపొడి నూనెగుణం వల్ల తేలుతుంది. చికోరీ త్వరగా మునిగి, దిగుతూ గోధుమరంగు తోకలు వదులుతుంది. గింజలే కొని ఇంట్లో మర ఆడించేవారికి ఈ భయం లేదు.

ఆ గింజలు మన రాష్ట్రానివే దొరుకుతాయి. బాబా బుడన్ అనే ఫకీరు అరబ్బు దేశపు రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటాడని చెబుతారు. ఇప్పుడు మన అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో గిరిజనులు నీడచెట్ల క్రింద కాఫీ పండిస్తున్నారు. ఆ చెట్లకే మిరియపు తీగలు పాకిస్తారు. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాఫీ త్రాగడానికి మీకు తొందర లేదు పిల్లలూ, పెద్దయ్యాక చూసుకోవచ్చు. మర త్రిప్పడానికి మాత్రం వయసు అడ్డు లేదు. రేపటి నుంచి వారం రోజులు, మొదటి మూడు రోజులు నీరు తగిలించకుండా, తరువాత తగిలించి, 30 గ్రాముల గింజలకు తట్టలో పడిన పొడి ఎంతో తూచి వ్రాసి ఉంచండి. సెలవులకు చెన్నైలో పిన్ని ఇంటికో, విశాఖలో మేనత్త ఇంటికో వెళితే అక్కడా తూచండి. అంకెలు కార్డు మీద వ్రాసి నాకు పంపండి. ఏ ఊరో, ఏ నెలలో తూచారో వ్రాయడం మరువకండి. అది లేకపోతే ఆ అంకెలు నాకు పనికిరావు.