జరిమానా ఖజానాకు, నష్టం పౌరునికి

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ హక్కు పరిరక్షణకంటూ పార్లమెంటు 2023లో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పౌరునికి ఒరగబెట్టేది స్వల్పమే. ప్రజల వివరాలను భద్రపరచడంలో విఫలమైన కంపెనీకి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది. నష్టపోయినవారికి పరిహారం కల్పించే సమాచార సాంకేతిక చట్టంలోని 43-ఎ సెక్షన్ తొలగింపును సైతం ఈ చట్టమే నిర్దేశించింది. మరోవైపు, దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట తన సంస్థలను చట్ట పరిధి నుంచి తప్పించే అధికారాన్ని కేంద్రం తన చేతిలోనే ఉంచుకున్నది. కంపెనీల తప్పుకు వెల కట్టిన ప్రభుత్వం తన తప్పుకు జవాబుదారీ కాకపోవడం సమర్థనీయం కాదు. పరిహార హక్కును నిలిపి, మినహాయింపులను పార్లమెంటు పర్యవేక్షణలోకి తేవడం తక్షణ కర్తవ్యం.