కాఫీ తొక్క పశువులకు మేత అవుతుందా? అరకు కొండల్లో కుప్పలు పడుతున్న ప్రశ్న

మీ కప్పులోకి వచ్చే కాఫీ గింజ, చెట్టు మీద పండిన పండు బరువులో ఐదో వంతుకు మించదు. మిగతాదంతా తొక్క, గుజ్జు, జిగురు, పొట్టు, నీళ్లు. మనం కొనే ప్యాకెట్ మీద వీటి ప్రస్తావన ఉండదు. కానీ కాఫీ పండించే ఊళ్లో ఏటా కొన్ని నెలల పాటు ఇదే పెద్ద సమస్య.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ తోటలున్నాయి. దాదాపు అంతా అరబికా రకమే. ఎకరం, రెండెకరాలున్న గిరిజన కుటుంబాలే ఎక్కువగా సాగు చేస్తున్నాయి. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నవంబరులో ఊపందుకునే కోతలు చలికాలమంతా సాగుతాయి. సరిగ్గా కోతలు ముగిసే సమయానికి కొండల మీద పచ్చగడ్డి ఎండిపోవడం మొదలవుతుంది.

అంటే ఒక పక్క తొక్క కుప్పలు, ఇంకో పక్క మేత లేని పశువులు. "ఆ తొక్క పశువులకు పెట్టేస్తే సరిపోదా?" అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

సూటిగా చెప్పాలంటే జవాబు ఇది. పాకలో పరుపుగా, ఆపైన ఎరువుగా అయితే భేషుగ్గా పనికొస్తుంది. మేతగా అయితే పాతర వేశాక, కొద్ది మోతాదులో, ఎదిగిన పశువులకు మాత్రమే. కుప్పలోంచి తీసి నేరుగా పెట్టడం మాత్రం ప్రమాదం. ఎందుకో చూద్దాం.

ఏమేం మిగులుతాయి?

కాఫీ పండును రెండు రకాలుగా శుద్ధి చేస్తారు. పండు కోసిన రోజే పల్పర్‌లో వేసి తొక్క తీసి, జిగురు కడిగి, గింజను పైపొరతో సహా ఎండబెడితే అది 'పార్చ్‌మెంట్'. పండును అలాగే ఎండబెడితే అది 'చెర్రీ'. పార్చ్‌మెంట్‌కు ధర ఎక్కువ. అందుకే గిరిజన సహకార సంస్థ (జీసీసీ), పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు రైతులను అటువైపు ప్రోత్సహిస్తూ వచ్చాయి. ఊళ్లలో కనిపించే చేతి యంత్రాలు, 'బేబీ పల్పర్లు' అందుకోసమే.

లెక్క ఇలా ఉంటుంది. 100 కిలోల పండ్లను పల్పర్‌లో వేస్తే 40 కిలోలకు పైగా తడి తొక్క వస్తుంది. అందులో ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. ఎండబెడితే మిగిలేది సుమారు పది కిలోలు. చివరికి చేతికొచ్చే గింజ 16 నుంచి 20 కిలోలు. పార్చ్‌మెంట్ పైపొర తీసినప్పుడు ఇంకో నాలుగైదు కిలోల పొట్టు వస్తుంది. చెర్రీ కాఫీ అయితే ఎండిన కాయ బరువులో దాదాపు సగం పొట్టే.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. తడి తొక్క కొండ మీదే, రైతు ఇంటి దగ్గరో పల్పింగ్ యూనిట్ దగ్గరో మిగులుతుంది. పొడి పొట్టు మాత్రం గింజను మర ఆడించే క్యూరింగ్ కేంద్రాల్లో మిగులుతుంది. రెండూ వేర్వేరు చోట్ల ఉంటాయి, గుణం కూడా వేరు. 'కాఫీ వ్యర్థం' అని ఒకే మాటతో అనేస్తే చిక్కు అక్కడే మొదలవుతుంది.

మేతగా దాని విలువెంత?

కొత్త ప్రశ్నేమీ కాదు. గ్వాటెమాలాలోని ఇన్‌క్యాప్ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కాఫీ తొక్క కూర్పు, వాడకంపై వాళ్ల పరిశోధనలు 1979లో పుస్తకంగా కూడా వచ్చాయి.

ఎండు తొక్కలో మాంసకృత్తులు సుమారు 10 శాతం ఉంటాయి. వరిగడ్డిలో ఇది మూడు, నాలుగు శాతమే. కాగితం మీద చూస్తే కాఫీ తొక్క వరిగడ్డి కంటే చాలా మెరుగు.

కానీ ఆ మాంసకృత్తులన్నీ పశువు ఒంటికి పట్టవు. తొక్కలోని టానిన్లు, అంటే వగరు పదార్థాలు, వాటిని పట్టుకుని అరగనివ్వవు. పొటాషియం కూడా మోతాదు మించి ఉంటుంది. వీటన్నిటికీ తోడు కెఫీన్.

వంద కిలోల ఎండు తొక్కలో కిలోకు పైగా కెఫీన్ ఉంటుంది. పశువు రోజుకు 700 గ్రాముల ఎండు తొక్క తిన్నా, మనం తాగే కాఫీతో పోలిస్తే తొంభై కప్పుల దాకా తాగినట్టు లెక్క. పశువు ఒళ్లు పెద్దది కాబట్టి మనకున్నంత ప్రభావం ఉండదు. అయినా మోతాదు పెరిగితే మేత తగ్గిస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, బరువు పెరగదు. తొక్క చేదుగా ఉంటుంది కాబట్టి చాలా పశువులు మొదట్లో ముట్టుకోవు కూడా.

అసలు ప్రమాదం బూజు

కెఫీన్ కంటే పెద్ద చిక్కు ఇది. తీపి, తడి రెండూ ఉన్న తొక్క ఒకటి రెండు రోజుల్లోనే పులిసి, ఈగలు ముసిరి, బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లాటాక్సిన్, ఆక్రాటాక్సిన్ లాంటి విషాలను వదులుతాయి. ఎండబెట్టినా, ఉడకబెట్టినా అవి పూర్తిగా పోవు.

ఇక్కడే ఈ విషయం కొండ దిగి మీ ఇంటి దాకా వస్తుంది. పాడి పశువు అఫ్లాటాక్సిన్ ఉన్న మేత తింటే, అందులో కొంత రూపం మారి పాలలోకి చేరుతుంది. పాలు కాచినా పోదు. అందుకే పాలలో ఇది కిలోకు 0.5 మైక్రోగ్రాములు మించకూడదని దేశంలో ఆహార భద్రత పరిమితి ఉంది. మార్కెట్లో అమ్మే పశువుల దాణాకు బీఐఎస్ ప్రమాణం ఐఎస్ 2052 వర్తిస్తుంది. కానీ రైతు పెరట్లో కుప్ప పోసుకున్న తొక్కకు ఏ ప్రమాణమూ ఉండదు, ఏ పరీక్షా జరగదు.

పాతర వేస్తే మారుతుందా?

మారుతుంది. గాలి తగలకుండా పాతర వేయడం, అంటే సైలేజీ చేయడం, కాఫీ తొక్కకు ఇప్పటిదాకా తెలిసిన పద్ధతుల్లో మేలైనది. తీసిన రోజే నీళ్లు ఓడ్చి, కొంచెం ఆరబెట్టి, నూటికి మూడు నుంచి ఐదు కిలోల చొప్పున మొలాసిస్ కలిపి, గాలి లేకుండా గట్టిగా తొక్కి, పాలిథిన్ పట్టాతో మూసేయాలి. కనీసం నెల రోజులు తెరవకూడదు. టానిన్లు, కెఫీన్ కొంత తగ్గుతాయి. పుల్లటి వాసన వల్ల పశువు తినడానికి ఇష్టపడుతుంది. బాగా మూసిన పాతరలో బూజుకు చోటుండదు.

కెఫీన్ మాత్రం పూర్తిగా పోదు. అందుకే మోతాదు ముఖ్యం. పశువు తినే మొత్తం ఎండు మేతలో 20 శాతం దాటితే నష్టమేనని ప్రయోగాలు చెబుతున్నాయి. పరీక్షా సౌకర్యం లేని చోట పదో వంతు లోపే ఉంచడం మేలు. 300 కిలోల ఆవు రోజుకు ఏడు కిలోల పైచిలుకు ఎండు మేత తింటుంది. అందులో పదో వంతు 700 గ్రాములు. అంటే పాతర తొక్క మూడు కిలోల చుట్టుపక్కల. అదీ కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ, పశువైద్యుడి సలహాతోనే. లేగదూడలకు, చూడి పశువులకు, కోళ్లకు పెట్టకపోవడమే మంచిది. నల్లబడినా, బూజు వాసన వచ్చినా ఆ పాతర ఎరువు గుంతకే పోవాలి.

పాకలో పరుపుగా అయితే?

ఇది తేలిక, నమ్మకమైన వాడకం. గింజను మర ఆడించినప్పుడు వచ్చే పార్చ్‌మెంట్ పొట్టు తేలికగా, పొడిగా ఉంటుంది. కెఫీన్ చాలా తక్కువ. వరి ఊకకు బదులుగానో, ఊకలో కలిపో కోళ్ల షెడ్డులో లిట్టర్‌గా రెండు, మూడు అంగుళాల మందాన పరవచ్చు. పశువుల పాకలో వేస్తే మూత్రాన్ని పీల్చుకుంటుంది, పశువు పడుకునే చోటు పొడిగా ఉంటుంది. ఉగాండాలో కోళ్ల పెంపకందారులు, బ్రెజిల్‌లో బ్రాయిలర్ రైతులు కాఫీ పొట్టును ఇలా వాడుతున్నారు.

చెర్రీ పొట్టుతో మాత్రం కాస్త జాగ్రత్త పడాలి. అందులో ఎండిన తొక్క కూడా ఉంటుంది కాబట్టి కెఫీన్ ఎక్కువ. కోళ్లు లిట్టర్‌ను కెలికి తింటాయి. కోళ్ల షెడ్డుకు పార్చ్‌మెంట్ పొట్టు, పశువుల పాకకు చెర్రీ పొట్టు అని విడదీసుకుంటే మేలు. ఏదైనా తడిసి గడ్డకడితే వెంటనే తీసేయాలి.

పాకలో తడిసిన పొట్టు, పేడ, మూత్రం కలిసి మంచి ఎరువవుతాయి. కొండ మీద మిగిలిన తడి తొక్కను కూడా పేడతో పొరలు పొరలుగా వేస్తే కొన్ని నెలల్లో కంపోస్టు అవుతుంది. మేతలో ఇబ్బంది పెట్టిన పొటాషియమే ఎరువులో వరమవుతుంది. తిరిగి కాఫీ మొక్కకు, దాని నీడ చెట్టుకు పాకిన మిరియం తీగకు అందుతుంది.

ఇవేవీ చేయకపోతే?

తొక్క, కడిగిన నీళ్లు గెడ్డలో కలుస్తాయి. అందులోని చక్కెరలు కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి. చేపలు చస్తాయి, కింది ఊరి తాగునీరు కంపు కొడుతుంది. రైతుకు మంచి ధర తెచ్చే పార్చ్‌మెంట్ పద్ధతి పెరిగే కొద్దీ తడి తొక్క కూడా కొండ మీదే పెరుగుతుంది. ఆదాయం పెంచే ప్రతి పథకంలో ఈ తొక్క లెక్క కూడా ఉండాల్సింది అందుకే.

ఇంకో కొత్త కారణం కూడా ఉంది. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు తొలిసారి కనిపించింది. దేశంలో 1990లో నీలగిరుల్లో బయటపడ్డ ఈ పురుగు అప్పటిదాకా ఇటు రాలేదు. అధికారులు పురుగు పట్టిన కాయలను కోయించి నాశనం చేయించారు. పురుగు ఉన్న ఊరి నుంచి కాయలు, పొట్టు, వాడిన గోనె సంచులు పక్క ఊరికి వెళితే పురుగూ వెళుతుంది. కాబట్టి 'తొక్కను లారీలకెత్తి పశువులున్న చోటికి పంపుదాం' అనే ముందు కాఫీ బోర్డు మాట వినాలి.

ఎవరి పని ఇది?

ఒక్క కుప్ప చుట్టూ నాలుగు శాఖలున్నాయి. కొనుగోలు జీసీసీది. పల్పర్లు, కల్లాల వంటి సాయం ఐటీడీఏది. సాగు, శుద్ధిపై సలహా కాఫీ బోర్డుది. పశువుల మేత, ఆరోగ్యం పశుసంవర్ధక శాఖది. మొదటి మూడూ గింజను చూస్తాయి, నాలుగోది పశువును చూస్తుంది. తొక్క ఈ రెంటికీ మధ్య పడి ఉంది.

చేయాల్సింది కూడా అన్నిచోట్లా ఒకటే కాదు. ఇంటి దగ్గర బేబీ పల్పర్‌తో రోజుకు కొద్ది కిలోల తొక్క తీసే కుటుంబాన్ని పాతర వేయమనడం అర్థం లేని మాట. అంత తక్కువ సరుకుతో గాలి చొరని పాతర కుదరదు. వాళ్లకు కంపోస్టు గుంత చాలు. టన్నుల కొద్దీ పండ్లు ఒకేచోటికి వచ్చే పల్పింగ్ యూనిట్ దగ్గర మాత్రం పాతర గుంత, మొలాసిస్, సీజనుకు ఒకసారి నమూనా పరీక్ష పెట్టడం సాధ్యమే. అక్కడ తయారైన మేతను ఎండాకాలంలో దుక్కిటెద్దులకు ఇవ్వొచ్చు. అవి పాలివ్వవు కాబట్టి పాలలోకి చేరుతుందన్న భయం కూడా ఉండదు.

మీరు ఏం చేయొచ్చు?

మీ కుటుంబానికి ఏజెన్సీలో తోటో, పశువులో ఉంటే, కాఫీ తొక్క మేపే ముందు రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ని గానీ, దగ్గర్లోని పశువైద్యశాలను గానీ సంప్రదించండి. మేసిన పశువు నీరసపడినా, వణికినా, మేత మానేసినా ఆ మేత ఆపేసి, సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోన్ చేయండి. ఇది ఉచితం.

మీరు నగరంలో ఉంటే, ఇంట్లో లేదా కేఫ్‌లో మిగిలిన కాఫీ పిప్పి గురించి ఒక మాట. దాన్ని వీధి కుక్కలకు, పెంపుడు కుక్కలకు అందేలా పడేయకండి. కెఫీన్ కుక్కలకు విషం. మేకలకు, ఆవులకు వేయడమూ వద్దు. కుండీల్లోకి వెళ్లే కంపోస్టులో కలపండి.

ఇక అరకు కాఫీ ప్యాకెట్ కొనేటప్పుడు 'సేంద్రియమా?' అని అడిగే అలవాటు మనలో చాలామందికి ఉంది. 'తొక్క ఏం చేస్తున్నారు?' అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన సంస్థ, కింది ఊరి గెడ్డ గురించీ ఆలోచించిందనే అర్థం.