వాయించే చేతికి పద్మశ్రీ, తయారు చేసే చేతికి జీఐ.. మరి బాగు చేసే చేతికి?

మీరట్ బ్యూగిల్‌కు జీఐ గుర్తింపు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ప్రధాని మోదీ వారణాసికి వచ్చినప్పుడు ఉత్తరప్రదేశ్‌కు చెందిన 21 ఉత్పత్తులకు ఈ సర్టిఫికెట్లు అందాయి. బనారస్ షహనాయి, బనారస్ తబలా, పీలీభీత్ బాన్సురీ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మీరట్‌లోని జలీ కోఠీ ప్రాంతం ఇత్తడి బ్యాండ్ వాద్యాలకు దేశమంతా పేరున్న చోటు. 1885 నాటి నాదిర్ అలీ కంపెనీ అక్కడిదే. ఆ గల్లీల్లో ఇత్తడి రేకు కొట్టి బాకాలు, ట్రంపెట్లు, యుఫోనియంలు చేసే కారీగర్లలో చాలామంది ముస్లింలు. వాళ్లకు ఇది సంతోషించదగ్గ వార్తే.

అయితే ఈ సంబరంలో ఒక పనివాడి ఊసే రాలేదు. కొన్న బాకా బారాత్‌లో కింద పడి సొట్టపోతే, క్లారినెట్ మధ్యలో మూగబోతే బ్యాండ్ మాస్టర్ పరుగెత్తేది ఎవరి దగ్గరికి? మరమ్మతు చేసే మెకానిక్ దగ్గరికి. ఆయనకు సర్టిఫికెట్ లేదు, కార్డు లేదు, ఏ పథకంలోనూ పేరు లేదు.

ఈ పని బయటికి కనిపించేంత సులువు కాదు. ట్రంపెట్‌లో పిస్టన్‌కీ, అది తిరిగే గొట్టానికీ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. కాస్త అరిగితే గాలి లీకై స్వరం పలచబడుతుంది. కాస్త వంగితే పిస్టన్ కిందికి దిగి అక్కడే ఇరుక్కుంటుంది. సొట్ట తీయడం అంటే సుత్తితో కొట్టడం కాదు. గొట్టం లోపలికి సరిపడే ఉక్కు గుండును దించి, బయటి నుంచి మెల్లగా నొక్కుతూ ఇత్తడిని తిరిగి పాత వంపులోకి తేవాలి. ఎక్కువ నొక్కితే రేకు పలచబడి చిల్లు పడుతుంది. ఇక చెమట, ఉమ్ము తగిలి తగిలి ఇత్తడిలోని జింకు పోతే గొట్టం మీద ఎర్రటి మచ్చలు తేలతాయి. అక్కడ మాటు వేసినా ఎక్కువ కాలం నిలవదు. ఆ ముక్క కోసేసి కొత్తది అతకాలి.

క్లారినెట్‌ది ఇంకో తలనొప్పి. నల్ల చెక్కతో చేసిన గొట్టం, దాని రంధ్రాల మీద మూతల్లా పడే ప్యాడ్లు. ఒక్క ప్యాడ్ సరిగా కూర్చోకపోయినా కింది స్వరాలన్నీ పోతాయి. ఏ ప్యాడ్ లీకవుతోందో కనిపెట్టడానికి చీకట్లో గొట్టం లోపల చిన్న బల్బు పెట్టి చూస్తారు. లేదంటే ప్యాడ్ కింద పలచటి కాగితం పెట్టి లాగి, ఎంత పట్టుందో వేళ్లతో తెలుసుకుంటారు. ఆ వేళ్లకు అనుభవం రావాలంటే ఏళ్లు పడుతుంది. మన దగ్గర అది నేర్పేది ఉస్తాదే, లేదంటే తండ్రే. బడి లేదు, పరీక్ష లేదు.

వేరే చోట ఉన్నాయి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రెడ్ వింగ్ అనే చిన్న ఊళ్లోని ప్రభుత్వ కాలేజీలో బ్యాండ్ వాద్యాల రిపేరు ఒక కోర్సు. ఈ టెక్నీషియన్లకు 1976 నుంచి అక్కడ సొంత సంఘమూ ఉంది. 2024లో చిన్న డాక్యుమెంటరీల విభాగంలో ఆస్కార్ గెలిచిన ‘ద లాస్ట్ రిపేర్ షాప్’ కూడా ఈ పనివాళ్ల కథే. లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు వాడే దాదాపు 80 వేల వాద్యాలను 1959 నుంచి ఉచితంగా బాగు చేస్తున్న వర్క్‌షాపు అది. జీతాలు ఇచ్చేది బడుల వ్యవస్థే. అమెరికాలో అంతా బాగుందని కాదు, ఈ పనిని అక్కడ ఉద్యోగంగా చూశారు, అంతే తేడా.

మన దగ్గర చేతివృత్తుల కోసం పెద్ద పథకం లేదా అంటే ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ. ఐదేళ్లకు 13 వేల కోట్ల రూపాయలు. శిక్షణలో రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా పూచీకత్తు లేని రుణం. వడ్రంగి, కమ్మరి, కంసాలి, తాళాలు చేసేవారు, బొమ్మలు చేసేవారు, చేపల వలలు అల్లేవారు.. మొత్తం 18 వృత్తులు. వాద్యాలు చేసేవాడూ అందులో లేడు, బాగు చేసేవాడూ లేడు. కంసాలి అనో కమ్మరి అనో రాయించుకోవచ్చు కదా అంటారేమో. అలా వచ్చిన టూల్ కిట్‌తో క్లారినెట్ ప్యాడ్ మార్చలేడు.

పన్ను సంగతి చూస్తే ఇంకా చిత్రం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు చేతితో చేసే దేశీ వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ట్రంపెట్, క్లారినెట్ లాంటివి 28 శాతంలో పడ్డాయి. అదే నవంబర్‌లో 18కి దించారు. మీరట్ గల్లీలో చేత్తో కొట్టి చేసిన ట్రంపెట్ కూడా చట్టం దృష్టిలో దేశీ వాద్యం కాదన్నమాట! మెకానిక్ వెయ్యి రూపాయల ప్యాడ్లు, స్ప్రింగులు కొంటే 180 రూపాయలు పన్ను. ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపు కాబట్టి ఆయనకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 180 ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాదు, నేరుగా ఖర్చులో కలిసిపోతుంది. పోనీ తనంతట తాను రిజిస్టర్ అయితే? కూలి మీద కూడా 18 శాతం వసూలు చేయాలి. పెళ్లిళ్ల సీజన్ మీద బతికే బ్యాండ్ మాస్టర్ ఆ బిల్లు చూసి ఇంకో గల్లీకి వెళ్లిపోతాడు.

తెలుగు నేల మీద ఈ లెక్క ఎవరికి తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు. పాతబస్తీ బ్యాండ్ పార్టీలు ఉన్నాయి. ఆంధ్రలో తరతరాలుగా గుడి సన్నాయి పట్టిన దూదేకుల కుటుంబాలు ఉన్నాయి. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ వచ్చింది. తమిళనాడులోని నరసింగంపేట నాదస్వరానికి 2022లో జీఐ వచ్చింది. వాయించినవాళ్లకు దక్కింది, చేసినవాళ్లకు దక్కింది. గొట్టం పగిలితే అతికేవాడి దాకా మాత్రం ఏదీ రాలేదు.

2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. దాంతో బ్యాండ్లకు గిరాకీ పెరుగుతుందన్న ఆశ సహజమే. మూలన పడిన సాక్సాఫోన్లు బయటికి తీయాలంటే ముందు వాటిని పలికించే మెకానిక్ ఉండాలి. ఆయన కొడుకు ఈలోపు ఏ డెలివరీ బండో ఎక్కి ఉంటే ఆ పని ఎవరు చేస్తారు?

ఇప్పటికిప్పుడు చేయదగ్గవి కొన్ని లేకపోలేదు. దేశ పరిశ్రమల వర్గీకరణలో 9529 అనే క్లాసు ఉంది. సైకిళ్లు, బొమ్మలతో పాటు సంగీత వాద్యాల రిపేరు అందులోకే వస్తుంది. అంటే లెక్కలు రాసే ప్రభుత్వానికి ఈ పని తెలుసు, పథకాలు రాసే ప్రభుత్వానికే తెలియదు. ఈ కోడ్‌తో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పైసా ఖర్చు లేకుండా అవుతుంది, ఆధార్ ఉంటే మొదలుపెట్టొచ్చు. ఆ కాగితంతో బ్యాంకుకు వెళ్లి ముద్రా శిశు కింద 50 వేల వరకు పూచీకత్తు లేకుండా అడగొచ్చు. ఆషాఢంలో, మొహర్రంలో పెళ్లిళ్లు ఆగి వాద్యాలు రిపేరుకు వచ్చే రోజుల్లో విడిభాగాలు కొనుక్కోవడానికి ఆ డబ్బు అక్కరకొస్తుంది. మస్జిద్ కమిటీలు, బస్తీ సంఘాలు పదిమంది మెకానిక్‌లను కూర్చోబెట్టి ఈ ఫారం నింపిస్తే ఒక్క పూట పని.

విశ్వకర్మ జాబితా విషయానికొస్తే, కేబినెట్ ప్రకటనలో ఉన్న మాట ‘తొలి దశలో 18 వృత్తులు’ అని. పథకం 2027-28 వరకు నడుస్తుంది. పంతొమ్మిదో వృత్తి కోసం తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఒక్క లేఖ రాయడానికి ఇంకా టైమ్ ఉంది.