‘పడతావు, కూర్చో’ అనకండి
దాచేపల్లి ఎండల్లో మంచు ఆటల ఊసెందుకు అంటారా? ఒక్సానా మాస్టర్స్‌కు రెండు కాళ్లూ లేవు. కూర్చుని నడిపే స్కీపై చేతికర్రలతో మంచులో కిలోమీటర్ల కొద్దీ దూసుకెళ్తుంది. 2022 బీజింగ్ వింటర్ పారాలింపిక్స్‌లో 7 పతకాలు గెలిచింది. మంచు లేని కాలంలో ఆమెది చేతులతో తొక్కే సైకిల్. సైకిలంటే మనవాడూ ఉన్నాడు. ఒక కాలు కోల్పోయిన నంద్యాల షేక్ అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో పోటీపడ్డాడు.

మన ఇంట్లో మాత్రం కాలు సరిగా లేని పిల్లాణ్ని ‘పడతావు, కూర్చో నాయనా’ అంటాం. ప్రేమే, కాదనం. కానీ అలా కూర్చుంటే బరువు పెరుగుతుంది, కీళ్లు బిగుస్తాయి, ఉన్న బలమూ తగ్గుతుంది. వైకల్యమున్న పిల్లలకూ రోజుకు సగటున 60 నిమిషాల వ్యాయామం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఏ ఆట సరిపోతుందో డాక్టర్ని, ఫిజియోథెరపిస్టుని అడగండి. బడిలో పీఈటీ మాస్టారితో మాట్లాడండి. పతకాల సంగతి తర్వాత, ముందు ఒంటికి చెమట పట్టనివ్వండి.