పెట్టెను వెనక్కి తిప్పి చదవండి

ఆదివారం పూట అబిడ్స్ కాలిబాటల మీద పాత పుస్తకాలు వెతకడం ఉద్యోగ విరమణ తరువాత నాకు మిగిలిన ఏకైక వ్యసనం. మొన్న అటు బయలుదేరుతుంటే మనవడి కోసం ఏదైనా ‘ఆరోగ్యకరమైన’ అల్పాహారపు పెట్టె తెమ్మని కోడలు చెప్పింది. దగ్గరలోని ఒక దుకాణంలో ఒక అర మొత్తం వాటితోనే నిండి ఉంది. ఒకదాని మీద గోధుమ కంకి, మరొకదాని మీద తేనెపట్టు, ఇంకొకదాని మీద పరుగెత్తే పిల్లవాడు. అక్కడి కుర్రవాడు ఒకటి చేతికిచ్చి, “డాక్టర్లు కూడా ఇదే తీసుకుంటారు సార్” అన్నాడు. నలభై ఏళ్ళు వైద్యం చేశాను. ఆ డాక్టర్లెవరూ నాకు తారసపడలేదు.

వెనక అక్షరాలు చీమతలల్లా ఉంటే ఫోనులో పెద్దవి చేసుకుని చదివాను. 100 గ్రాములకు 29 గ్రాముల చక్కెర! ముందువైపు ఘనంగా చిత్రించిన రాగుల వాటా 5 శాతం. కంపెనీ లెక్కలో ఒకసారి తినవలసింది 30 గ్రాములే. ఏ పిల్లవాడు అంతటితో లేస్తాడు? గిన్నె నింపితే సులువుగా 60 గ్రాములు, అంటే 17 గ్రాముల పైగా చక్కెర. పెద్దవారికే రోజు మొత్తం మీద 25 గ్రాములు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. బడి గంట మోగకముందే పిల్లవాడి కోటాలో సింహభాగం ఖర్చయిపోయిందన్నమాట.

ఇది అజ్ఞానం వల్ల జరిగే పొరపాటు కాదు, తెలిసి ఆడే ఆట. పదార్థాలను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసలో ముద్రించాలని నిబంధన ఉంది. చక్కెర పైకి రాకుండా దానిని చక్కెర, ద్రవ గ్లూకోజ్, మాల్ట్ సారం, తేనె అని ముక్కలు చేసి తలా ఒకచోట కూర్చోబెడతారు. మొక్కజొన్న నుంచి మొలకను, తవుడును తీసివేసి, పోయిన విటమిన్లలో కొన్నింటిని తిరిగి చల్లి, దానికి ‘పోషక బలం’ అని పేరు పెడతారు. జేబు కొట్టి బస్సు ఛార్జీ చేతిలో పెట్టినవాడిని దాత అనడం ఇటువంటిదే. కార్న్‌ఫ్లేక్స్ కనిపెట్టిన అమెరికా వైద్యుడు జాన్ హార్వే కెల్లాగ్ చక్కెరకు బద్ధ వ్యతిరేకి. దానిని అందులో కలిపినది వ్యాపారం చేపట్టిన తమ్ముడు.

ప్రభుత్వం ఏం చేస్తున్నది? బోర్న్‌విటా వంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్స్’ వర్గం నుంచి తొలగించమని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్ళకు కేంద్రం సూచించింది. మంచిదే. అయితే ఆహార భద్రతా సంస్థ 2022లో ముందుకు తెచ్చిన నక్షత్రాల ముసాయిదాను నేను సమర్థించలేను. అందులో కాస్త పీచు, కొన్ని గింజలు చేర్చి చక్కెర పాపాన్ని కడుక్కోవచ్చు. చిలీ దేశం 2016 నుంచి చక్కెర మితిమీరిన పెట్టె ముఖాన నల్లని అష్టభుజి ముద్ర వేయిస్తున్నది. అక్షరాలు రాని తల్లికైనా అది అర్థమవుతుంది. మనకు కావలసింది అదే.

అంతవరకూ మన నిబంధనలలోని కొలతలనే ఆయుధంగా వాడుకోండి. ‘తక్కువ చక్కెర’ అని చెప్పుకోవాలంటే 100 గ్రాములలో 5 గ్రాములు మించరాదు. ‘పీచు అధికం’ అనాలంటే 6 గ్రాములకు తగ్గరాదు. ఈ రెండు అంకెలూ కుదిరితే కొనండి, నాకు అభ్యంతరం లేదు. ఒకే ఒక పదార్థం ఉన్న సాదా ఓట్స్ మంచివే. మసాలా ఓట్స్ సంగతి వేరు, అందులో ఉప్పు చూడండి.

పొద్దున్నే పొయ్యి ముందు నిలబడే తీరిక ఎక్కడిదని కోడలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. మన పాత తిండి అంతా అమృతమని నేను అనను. నాంపల్లిలో బండి మీద వెన్న కరిగించి పోసే దోసెను ఏ వైద్యుడూ సిఫారసు చేయడు. బెల్లం వేసిన పలుచని రాగిజావ మధుమేహ రోగికి చక్కెరను పెంచుతుంది, దానికి బదులు రొట్టె చేసుకోవాలి. కానీ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. ఎవరూ చల్లినది కాదు, గింజలో పుట్టినది. పెట్టె ధరతో బేగంబజారులో కిలోల కొద్దీ రాగులు వస్తాయి. రాత్రి పిండి కలిపి ఉంచితే ఉదయం పది నిమిషాల పని. ఆ పని కోడలే చేయాలని ఎక్కడా రాసి లేదు కనుక ఇప్పుడు నేనే చేస్తున్నాను.

పెట్టె కొనకుండా వచ్చినందుకు మనవడు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు రెండు రాగి దోసెలు తిని, మూడవదాని మీద చక్కెర చల్లమన్నాడు.