బగోనె మీద గంటె చప్పుడు

పొద్దున్నే జొన్నరొట్టె కొట్టే చప్పుడు మీరెప్పుడైనా చెవిపెట్టి విన్నారా? మా రాయికోడు వైపు ఇళ్లలో అలారం గడియారం కంటే ముందు వినిపించేది అదే. పిండి మీద అరచెయ్యి పడ్డప్పుడు ఒక శబ్దం, రొట్టె తిరుగుతుంటే గాజులది ఇంకో శబ్దం, పెనం మీద వేశాక ఒక్క క్షణం ఏమీ ఉండదు. మళ్లీ మొదలు. మా అమ్మ కొడితే ఒక తీరు, మా మేనత్త కొడితే ఇంకో తీరు. దుప్పటి ముసుగులోంచే ఈరోజు రొట్టెలు ఎవరు చేస్తున్నారో చెప్పేదాన్ని నేను. దాన్ని దరువు అంటారని మనకెవరూ చెప్పలేదు, మనమూ అనుకోలేదు.

ఈ వారం వంట సంగతి పక్కనపెట్టి వంటసామాను సంగతి మాట్లాడుకుందాం. దీనికంతటికీ కారణం మా తమ్ముడి ఫోను.

"అక్కా, మా పిల్లకు డ్రమ్స్ గావాల్నంట. బడి నుంచి వచ్చినకాడి నుంచి బగోనెలు బోర్లేసి గంటెలతోని కొడుతున్నది. మీది ఫ్లాటు పెద్దాయన రెండుసార్లు వచ్చి మొత్తుకొని పోయిండు. ఏం జెయ్యమంటవ్?" అన్నాడు.

పిల్లకు ఎనిమిదేళ్లు. వాళ్లుండేది హైదరాబాదులో. ఎవరి పెళ్లిలోనో ఫోనులో ఎవరో డ్రమ్స్ శివమణి వీడియో చూపించారట. అంతే, ఆ రోజు నుంచి మా మరదలి స్టీలు బగోనెలకు సొట్టలు మొదలు.

శివమణి పేరు మీకు తెలిసే ఉంటుంది. పేరు తట్టకపోయినా మనిషిని చూస్తే గుర్తుపడతారు. నుదుటికి గుడ్డ కట్టుకొని, పొడుగాటి జుట్టుతో, చుట్టూ ఒక దుకాణమంత సామాను పెట్టుకొని మధ్యలో నిలబడి వాయించే ఆయన. మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి కచేరీలు టీవీలో చూసినవాళ్లకు ఆయన పాత చుట్టమే. బాలుగారే తనకు గాడ్‌ఫాదర్ అని శివమణి చాలాసార్లు చెప్పుకున్నారు. 2020 సెప్టెంబరులో బాలుగారు పోయినప్పుడు ఆయన పాటలు విని ఏడ్చినవాళ్లం మనం. ఆ పాటల వెనక దరువు వేసినవాళ్ల గురించి తలుచుకున్నది ఎందరం?

అయినా శివమణికి అభిమానులు తక్కువేం కాదు. గాయకులు పక్కకు జరిగి ఆయనొక్కడికే వేదిక వదిలేస్తే జనం కుర్చీల అంచుకు వచ్చేస్తారు. డ్రమ్ములతో మొదలుపెట్టి, ఉన్నట్టుండి నీళ్ల క్యాను అందుకుంటారు, ప్లాస్టిక్ బకెట్టు తిరగేస్తారు, సూట్‌కేసు మీద కొడతారు, శంఖం ఊదుతారు. క్రికెట్ ఐపీఎల్ పెట్టిన 2008లో చెన్నై జట్టు ఆటలకు స్టేడియంలో ఆయన డ్రమ్స్ మోగాయి. ఆట అర్థంకాని మా అత్తగారు కూడా ఆ చప్పుడు కోసం టీవీ ముందు కూర్చునేది. మా వాడకట్టు ఆడవాళ్లకు ఆయన నచ్చడానికి వేరే కారణం ఉంది. "మనింట్ల ఉన్నయే కదనే ఆయన కొట్టేటివన్నీ" అంటారు. బకెట్టును గౌరవించిన మొదటి మగాడు ఆయనేనని మా పక్కింటి వదిన తీర్మానం.

ఆయన పెరిగిన తీరు చెబుతాను, మన పిల్లలున్న ఇళ్లకు అది అక్కరకొస్తుంది. 1959లో మద్రాసులో పుట్టారు. నాన్న ఎస్.ఎం. ఆనందన్ కూడా తాళవాద్య కళాకారుడే. కాబట్టి ఆ ఇంట్లో చప్పుడు అల్లరి కింద లెక్క కాదు, నాన్న చేసే పని. ఏడేళ్ల వయసుకే చేతికి పుల్లలొచ్చాయి. అక్కడితో ఆగిపోతే నాన్న విద్య కొడుక్కి వచ్చింది అనుకునేవాళ్లం. కానీ ఆయన చెవులు రెండు వైపులా తెరిచి ఉంచుకున్నారు. ఒకవైపు నోయెల్ గ్రాంట్, పనామాలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకున్న బిల్లీ కోభమ్ లాంటి డ్రమ్మర్లు. ఇంకోవైపు పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగం, విక్కు వినాయకరామ్ ఘటం. ఘటం అంటే ఏమిటి, మనం నీళ్లు పోసుకునే కుండకు అక్క. ఆ కుండతో వినాయకరామ్ గారు దేశదేశాలు తిరిగారు, 2014లో పద్మభూషణ్ అందుకున్నారు. ఇలాంటివాళ్లను వింటూ పెరిగిన పిల్లవాడికి బకెట్టులో సంగీతం దొరకడం వింతేముంది?

1992లో 'రోజా'తో దేశానికంతటికీ తెలిసిన ఏ.ఆర్. రహమాన్, అంతకుముందు కుర్రతనంలో 'రూట్స్' అనే బ్యాండులో కీబోర్డు వాయించేవారు. అందులో ఆయన జతగాడు శివమణి. 1990లో ముంబయి రంగ్ భవన్‌లో కచేరీ చేస్తూ జాకీర్ హుస్సేన్ ఈయన్ని వేదిక మీదికి పిలిచి పక్కన వాయింపజేశారు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌తోనూ ఎన్నో వేదికలు పంచుకున్నారు. 2019లో పద్మశ్రీ వచ్చింది. అరవై దాటాయి, ఇప్పటికీ కొత్త సామాను కనిపిస్తే కొట్టి చూడకుండా ఉండలేరు.

జాకీర్ హుస్సేన్ అంటే గుర్తొచ్చింది. పుట్టిన బిడ్డ చెవిలో దువా చెప్పమని చేతికిస్తే, వాళ్ల నాన్న అల్లా రఖా తబలా బోల్స్ చెప్పారట. ఇదేమిటని భార్య కోప్పడితే, ఇదే నా ప్రార్థన అన్నారట. ఈ ముచ్చట జాకీరే చెబుతుండేవారు. ఆ తల్లి కోపం కూడా న్యాయమైనదేనని నాకనిపిస్తుంది, ఏమంటారు?

సరే, మా తమ్ముడి సంగతికొద్దాం. వాడికి ఫోనులో జవాబు చెప్పలేకపోయాను. గొంతు పట్టేసింది. ఎందుకో మీకు చెప్పుకోవాలి.

వాడికి తొమ్మిదేళ్లప్పుడు ఇలాగే ఉండేవాడు. శివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి జాతరకు పోతే, మిఠాయి దుకాణం దగ్గర అందరం ఉంటే వాడు డప్పుల వెంట పోయేవాడు. పీర్ల పండుగప్పుడు అన్నానికి పిలిచినా వచ్చేవాడు కాదు. ఇంట్లో బగోనె, రేకుడబ్బా, మంచంకోడు, ఏది దొరికితే అది. నాకేమో పదో తరగతి పరీక్షలు. ఒకరోజు విసుగొచ్చి, వీడు డప్పులోళ్ల వెంట తిరుగుతున్నాడని నాన్నకు చెప్పేశాను. నాన్న చేతికందిన కట్టెతో కొట్టాడు. "డప్పు గొట్టుకొని బతుకుతవారా?" అన్నాడు. ఆ మాటలో డప్పు మీద ఎంత చిన్నచూపుందో, దాన్ని వాయించేవాళ్ల మీద ఎంత ఉందో ఆనాడు నాకు తెలియలేదు. నా చదువుకు అడ్డం తొలగింది, అంతే అనుకున్నాను. వాడు మళ్లీ బగోనె ముట్టలేదు. చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, ఏ లోటూ లేదు. కానీ కారు నడుపుతూ పాట వస్తే వాడి వేళ్లు స్టీరింగు మీద ఆడుతుంటాయి. నేను చూశానని తెలిస్తే ఆపేస్తాడు.

రెండు రోజులాగి నేనే ఫోను చేశాను. "పిల్లను ఆపకు. పరికరం కొనడానికి మాత్రం తొందరపడకు" అన్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, నేను నలుగురినీ అడిగి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

డ్రమ్ సెట్టు అంటే ఒక డోలు కాదు, ఒక సంసారం. కుడికాలు పెద్ద డ్రమ్ము పెడలు తొక్కాలి, ఎడమకాలు రెండు తాళపు పళ్లాలను మూసి తెరవాలి, ఎడమచెయ్యి స్నేర్ మీద, కుడిచెయ్యి పళ్లేల మీద. ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో పాలు దించుతూ, కాలితో ఉయ్యాల ఊపే మనకు ఇది కొత్త కాదు, పిల్లలకు కొత్త. అందుకే మొదట పుల్లల జత, ఒక ప్రాక్టీస్ ప్యాడ్ చాలు. పుల్లల్లో 7ఏ అనేవి సన్నగా ఉంటాయి, చిన్న చేతులకు అవి మేలు. ప్యాడ్ కొనకపోయినా ఫరవాలేదు, ప్లైవుడ్ ముక్క మీద మందపాటి రబ్బరు మ్యాట్ ముక్క అంటించి, కింద మడతపెట్టిన పాత బొంత వేస్తే సరి. పక్కింటికి పెద్దగా వినపడదు. బగోనెలు బతుకుతాయి.

రోజూ పావుగంట చాలు. చిన్నపిల్లలు దరువు పట్టగానే వేగం పెంచేస్తారు, అందరికీ ఉండే తప్పు అదే. ఫోనులో మెట్రోనోమ్ అని ఉచితంగా దొరుకుతుంది, నిమిషానికి అరవై దెబ్బలు పెట్టి దానితో కలిసి చప్పట్లు కొట్టించండి. లేదా బతుకమ్మ పాట మీరు పాడండి, పిల్లను చప్పట్లు తప్పకుండా కొట్టమనండి. మృదంగం నేర్పేవాళ్లు ముందు 'త ధి తొం నం' అని నోటితో చెప్పిస్తారు, అది మీరు కూరగాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని చెప్పుకోవచ్చు. పెద్ద సెట్టు దాకా పోతే చెవులు జాగ్రత్త. 85 డెసిబెల్స్ దాటిన చప్పుడు గంటల తరబడి వింటే వినికిడి దెబ్బతింటుంది, డ్రమ్ములు దాన్ని తేలిగ్గా దాటేస్తాయి. చెవులకు రక్షణ పెట్టించకుండా కూర్చోనివ్వకండి.

"ఆడపిల్లకు డ్రమ్ములేందక్కా" అని మా మరదలు నసిగింది. ఏలూరులో పుట్టిన దండమూడి సుమతి గారి గురించి చెప్పాను. చిన్నతనంలో తండ్రి నిడుమోలు రాఘవయ్య గారి దగ్గరే మృదంగం మొదలుపెట్టారు. తర్వాత దండమూడి రామమోహనరావు గారి దగ్గర నేర్చుకొని ఆయన్నే పెళ్లాడి, భార్యాభర్తలిద్దరూ కలిసి కచేరీలు చేశారు. మృదంగం మగవాళ్లదన్న రోజుల్లో మొదలుపెట్టిన ఆవిడకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. మరదలు ఇంకేం అనలేదు. సికింద్రాబాదు భక్త రామదాసు ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం నేర్పుతారు కదా, అడుగుతానంది.

పోయిన ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. పిల్ల ప్యాడ్ ముందు కూర్చుని నాలుగు దెబ్బలు సమంగా కొట్టి, అయిదోదానికి పరుగెత్తింది. "గట్ల కాదురా, ఆగు" అని మా తమ్ముడు పుల్లలు తీసుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లి, అక్కర లేకపోయినా చాయ పెట్టుకుంటూ నిలబడ్డాను. చాయ మరిగి మరిగి సగమైంది.

మీది ఫ్లాటు పెద్దాయనకు మాత్రం ఇంకా కోపం తగ్గలేదు. సంక్రాంతికి సకినాలు పంపి చూద్దామనుకుంటున్నాం.