ఓటమి ఎరిగిన పేరు ఎబెనెజరు

తెలుగు క్రైస్తవులకు ఎబెనెజరు ఎంతో ఇష్టమైన పేరు. మందిరాలకు, ఇళ్ళకు, పిల్లలకు సైతం పెట్టుకుంటాం. హెబ్రీ భాషలో 'ఎబెన్' అంటే రాయి, 'ఎజెర్' అంటే సహాయం. రెండూ కలిస్తే 'సహాయపు రాయి'. ఆదాముకు సహాయంగా హవ్వను చేసిన సందర్భంలో ఆదికాండం వాడిన మాట కూడా ఈ 'ఎజెర్' అన్నదే. 121వ కీర్తనలో భక్తుడు కొండల వైపు చూసి వెదికింది కూడా ఈ సహాయాన్నే.

అయితే సమూయేలు మొదటి గ్రంథంలో ఈ పేరు మొదట కనిపించేది విజయంతో కాదు, ఘోర పరాజయంతో! నాలుగో అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో, ఫిలిష్తీయులు ఆఫెకులో దిగారు. మొదటి పోరులో సుమారు 4 వేలమంది ఇశ్రాయేలీయులు కూలారు. దేవుడు మనల్ని ఎందుకు ఓడించాడని పెద్దలు అడిగారే గానీ, జవాబు కోసం ఆగలేదు. షిలోహు నుంచి నిబంధన మందసాన్ని తెప్పించారు. దానితో వచ్చినవారు ఏలీ కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు. బలి మాంసాన్ని బలవంతంగా లాక్కున్నవారు, గుడార ద్వారం వద్ద సేవచేసే స్త్రీలతో పాపం చేసినవారు. మందసం రాగానే ప్రజలు భూమి అదిరేలా కేకలు వేశారు. కానీ 30 వేలమంది నేలకొరిగారు, మందసం శత్రువుల పాలైంది. కేకలకు లోటు లేదు, లేనిది పశ్చాత్తాపమే.

ఏడో అధ్యాయానికి వద్దాం. మందసం కిర్యత్యారీముకు చేరి 20 ఏళ్ళయింది. సమూయేలు ముందుగా యుద్ధం మాట ఎత్తలేదు. బయలు, అష్తారోతు విగ్రహాలను తీసివేయమన్నాడు. ప్రజలు మిస్పాలో కూడి, నీళ్ళు కుమ్మరించి, ఉపవాసముండి పాపం ఒప్పుకున్నారు. ఫిలిష్తీయులు మీదికి వచ్చినప్పుడు వారిని ఆదుకున్నది ఒక పాలు తాగే గొర్రెపిల్ల బలి, ఒక ప్రార్థన. దేవుడు ఉరిమాడు, శత్రువు చెదిరాడు. అప్పుడు సమూయేలు మిస్పాకు, షేనుకు మధ్య ఒక రాయి నిలిపి, ఇంతవరకూ ఆదుకున్నది దేవుడేనని చెప్పి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టాడు.

ఈ రెండూ ఒకే చోటా? ఆఫెకు మైదానంలో, యార్కోను నది ఊటల దగ్గర ఉంది. మిస్పా యెరూషలేముకు ఉత్తరాన కొండల్లో ఉంది. కాబట్టి రెండు చోట్లూ వేరని పలువురు పండితుల అభిప్రాయం. గ్రంథకర్త తర్వాతి పేరునే ముందుగా వాడాడనేవారూ ఉన్నారు. ఓడిన చోటి పేరునే సమూయేలు కావాలని ఆ రాయికి పెట్టాడనేవారూ ఉన్నారు. ఏదేమైనా ఆ పేరులో ఓటమి జ్ఞాపకం, క్షమాపణ పొందిన సంతోషం కలిసే ఉన్నాయి.

మరి మనం? డాబా లేచాక, వీసా వచ్చాక గేటు మీద ఎబెనెజరు అని చెక్కిస్తాం. కృతజ్ఞత మంచిదే. కానీ అన్నదమ్ముల వాటా కాజేసి, కోడలి కట్నంతో కట్టిన ఇంటికి ఆ పేరు పెడితే అది ఏ ఎబెనెజరు? ఆస్తి తగాదాలతో కోర్టుకెక్కిన సంఘం డిసెంబరు 31 రాత్రి స్తుతిగీతాలు పాడినంత మాత్రాన సరిపోతుందా? అది మందసాన్ని తాయెత్తులా మోసుకెళ్ళడమే!

మొదటి ఎబెనెజరుకు దారి షిలోహు నుంచి, రెండోదానికి దారి మిస్పా నుంచి. కాపరులుగా మేము విశ్వాసులకు చెప్పేదీ, మాకు మేము చెప్పుకునేదీ ఇదే. రాయి నిలిపే ముందు విగ్రహాలు తీసివేద్దాం. తీసుకున్నది తిరిగి ఇచ్చేద్దాం. మాట్లాడని తోబుట్టువు గుమ్మం తొక్కుదాం. ఆ తర్వాత మన గేటు మీద ఏ పేరూ లేకపోయినా, దేవుని సహాయం మన ఇంట్లోనే ఉంటుంది.